థాంక్స్ చెప్పేస్తే సరిపోతుందా?

ఈసారి వీడియోలో సుందరకాండలోని మైనాకుడి కథ చెప్పుకున్నాం కదా. అందులో సమయం సరిపోక వదిలేసిన విషయం ఒకటుంది. దాన్ని ఇక్కడ తీరిగ్గా మాట్లాడుకుందాం. ప్రశ్న చిన్నదే. రోజుకి ఇన్నిసార్లు థాంక్స్ అంటున్నామే, ఆ మాటతో ఎదుటివాళ్ళు చేసిన మేలుని గుర్తుపెట్టుకుంటున్నామా? లేక అక్కడితో లెక్క మూసేస్తున్నామా?

ఒక మామూలు రోజు తీసుకోండి. కోఠిలో ఆటో దిగుతూ "థాంక్స్ భయ్యా" అంటాం. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే ఆయన డేటా స్ట్రక్చర్స్ పుస్తకం సగం ధరకి ఇస్తే థాంక్స్. ఆఫీసులో లిఫ్ట్ తలుపు ఎవరైనా పట్టుకుంటే థాంక్స్. ఫుడ్ ఆర్డర్ చేస్తే యాప్ కూడా మనకి థాంక్స్ చెప్తుంది. రాత్రి ఇంటికొచ్చాక మాత్రం అమ్మ వేడిచేసి పెట్టిన అన్నం తిని, కంచం సింక్‌లో పడేసి, ఫోన్ తీసుకుని రూంలోకి వెళ్ళిపోతాం. రోజంతా నోట్లో ఆడిన మాట అక్కడికి వచ్చేసరికి ఆగిపోతుంది.

పోనీ ఎవరైనా ధైర్యం చేసి "థాంక్స్ అమ్మా" అన్నారనుకోండి. "ఏంట్రా కొత్తగా? నేనేమన్నా పరాయిదాన్నా?" అంటుంది. ఈ జవాబు చాలా తెలుగిళ్ళలో విన్నదే. దీని మీద మన వయసువాళ్ళలో రెండు పక్షాలున్నాయి. "మనవాళ్ళకి ఎక్స్‌ప్రెస్ చేయడం రాదు, నేర్చుకోవాలి" అనేది ఒక పక్షం. "థాంక్స్, సారీ మన సంస్కృతి కాదు, అవి ఇంగ్లీషువాళ్ళ ఫార్మాలిటీలు" అనేది ఇంకో పక్షం. రెండూ సగం సగమే నిజం. ఎందుకో చూడాలంటే ముందు ఆ ఇంగ్లీష్ మాట ఎక్కడ పుట్టిందో చూడాలి.

థాంక్ అంటే మొదట్లో ఆలోచనే

పాత ఇంగ్లీషులో, అంటే వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో, "థంక్" అని ఒక నామవాచకం ఉండేది. దాని మొదటి అర్థం ఆలోచన. తర్వాత అది ఒకరి మీద మనసులో ఉండే మంచి ఆలోచన అయింది. అక్కడి నుంచి మేలు చేసినవాళ్ళ మీద ఉండే మంచి భావం అయింది. చివరికి ఆ భావాన్ని పైకి చెప్పే మాటగా మిగిలింది. థింక్, థాంక్ రెండూ ఒక తల్లి పిల్లలు. సింగ్‌కి సాంగ్ ఎలాగో, థింక్‌కి థాంక్ అలాగ. జర్మన్ భాషలో ఈ చుట్టరికం ఇప్పటికీ స్పష్టంగా వినబడుతుంది. డెంకెన్ అంటే ఆలోచించడం, డాంకెన్ అంటే థాంక్స్ చెప్పడం.

కాబట్టి థాంక్స్ అనేది ఉత్త ఫార్మాలిటీగా పుట్టిన మాట కాదు. "నువ్వు చేసింది నా ఆలోచనలో ఉంది" అన్నది దాని అసలు అర్థం. మరి ఏమైంది?

వాడి వాడి అరిగిపోయింది. థాంక్ యూ అనేది "ఐ థాంక్ యూ" అనే పూర్తి వాక్యానికి పొట్టిరూపం. సుమారు 600 ఏళ్ళ కిందటే అందులోంచి "ఐ" జారిపోవడం మొదలైంది. అంటే తలుచుకునే మనిషే వాక్యంలోంచి తప్పుకున్నాడు! ఇవాళ ఆ మాటని ఎన్నిరకాలుగా వాడుతున్నామో చూడండి. ఇంకో కప్పు టీ వద్దనడానికి "నో, థాంక్స్". ఆలస్యానికి కారణం చెప్పడానికి "థాంక్స్ టు ట్రాఫిక్". ఇంకా చేయని పనికి ముందే "థాంక్స్ ఇన్ అడ్వాన్స్" అని మెయిల్. చూడ్డానికి మర్యాద, లోపల మాత్రం "చేసి తీరాలి" అనే ఆర్డర్. మీటింగ్ చివర "ఓకే, థాంక్స్" అంటే ఇక లేవచ్చని. అక్కడ అది మాట కూడా కాదు, తలుపు వేసిన చప్పుడు.

మన ఫీల్డ్ నుంచి ఒక ఉదాహరణ చెప్తాను. 2015లో గూగుల్‌వాళ్ళు ఈమెయిల్‌కి జవాబులు తానే సూచించే స్మార్ట్ రిప్లై తెచ్చారు. తయారుచేసే దశలో అది దాదాపు ఏ మెయిల్‌కైనా "ఐ లవ్ యూ" అనే సూచించేదట. ఎందుకంటే జనం రాసుకునే జవాబుల్లో "థాంక్స్", "సౌండ్స్ గుడ్", "ఐ లవ్ యూ" అంత ఎక్కువగా ఉంటాయి. అర్థం తెలియకపోయినా ఈ మాటలు వేస్తే చెల్లిపోతుందని మెషీన్ లెక్కకట్టింది. నవ్వొస్తుంది గానీ, అది నేర్చుకున్నది మన దగ్గరే కదా. మెయిల్ సిగ్నేచర్‌లో "థాంక్స్ అండ్ రిగార్డ్స్" ఒకసారి సెట్ చేసి పెట్టేస్తాం. తర్వాత ఎవరిని తిట్టినా కింద అది దానంతటదే వచ్చేస్తుంది.

ఇది ఇంగ్లీషు జబ్బు మాత్రమే అనుకోకండి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏ సభకైనా వెళ్ళి చూడండి. చివరి అంశం వందన సమర్పణ. నిర్వాహకుడు మైకు అందుకోగానే కుర్చీలు ఖాళీ అవుతాయి. హాలు ఇచ్చినవాళ్ళు, మైకు పెట్టినవాళ్ళు, టీలు అందించినవాళ్ళ పేర్లు చదువుతుంటే వినేవాళ్ళుండరు. మాట అచ్చ సంస్కృతమే. పరిస్థితి మాత్రం అదే.

మన మాటల్లో ఏముంది?

ధన్యవాదం చూద్దాం. ధన్యుడు అంటే భాగ్యవంతుడు. సంస్కృతంలో ధన్యవాదం అంటే "ధన్యుడివి" అని మెచ్చుకోవడం, పొగడటం. థాంక్స్‌కి బదులుగా ఇంత విరివిగా వాడటం ఆధునిక కాలపు అలవాటు. అచ్చతెలుగులో నెనరు అనే మాటుంది. ప్రేమ, దయ అని అర్థం. 2000 తర్వాత తెలుగు బ్లాగులు రాసినవాళ్ళు కొందరు థాంక్స్‌కి బదులు "నెనర్లు" అని రాసుకునేవాళ్ళు. మంచి ప్రయత్నమే, కానీ వీధిలోకి రాలేదు.

మరి మన ముందుతరాలవాళ్ళు ఏమనేవాళ్ళు? "చల్లగా ఉండు నాయనా", "నీ కడుపు చల్లగా ఉండ", "మీ మేలు మరవను", "మీ ఋణం తీర్చుకోలేనిది". వీటిలో ఒక తేడా గమనించారా? ఒక్కటి కూడా లెక్క మూసే మాట కాదు. ఒకటి దీవెన, అది రేపటికి సంబంధించింది. ఇంకొకటి "మరవను" అనే మాట ఇవ్వడం, అదీ రేపటికి సంబంధించిందే. మూడోది "తీరదు" అని ఒప్పుకోవడం. అన్నీ ఖాతా తెరిచే ఉంచుతాయి.

అన్నిటికంటే గట్టి మాట కృతజ్ఞత. కృతం అంటే చేయబడినది. జ్ఞ అంటే తెలిసినవాడు. కృతజ్ఞుడు అంటే తనకి ఎవరు ఏం చేశారో తెలిసినవాడు. అంతే! చెప్పినవాడు అని కూడా కాదు, తెలిసినవాడు. ఈ జ్ఞ ధాతువూ ఇంగ్లీషు "నో" అంటే తెలుసుకోవడమూ దూరపు చుట్టాలేనని భాషాశాస్త్రం చెప్తుంది. అంటే థాంక్ వెళ్ళి ఆలోచించడం దగ్గర తేలింది, కృతజ్ఞత తెలుసుకోవడం దగ్గర తేలింది. రెండు భాషల మాటలూ నోటిని వదిలేసి బుర్రనీ మనసునీ పట్టుకున్నాయి.

దీనికి వ్యతిరేకం కృతఘ్నత. ఘ్న అంటే చంపేవాడు. చేసిన మేలుని చంపేసేవాడు కృతఘ్నుడు. మన నోళ్ళలో జ్ఞ, ఘ్న ఎంత దగ్గరగా పలుకుతాయో మీకు తెలుసు. స్టేజీ మీద తడబడి "అందరికీ కృతఘ్నతలు" అనేసేవాళ్ళున్నారు. ఒక్క అక్షరం తేడా. తెలుసుకుంటే జ్ఞ, మరిచిపోతే ఘ్న. మేలుని చంపడానికి కత్తి అక్కర్లేదు, మరుపు చాలు. మన సామెత కూడా అదే అంటుంది: ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనే మాట కూడా ఇలాంటి సందర్భంలో పుట్టిందే.

రామాయణం ఈ గుణాన్ని ఎక్కడ పెట్టింది?

వాల్మీకి నారదుణ్ణి అడిగిన ప్రశ్నతో రామాయణం మొదలవుతుంది. ఈ లోకంలో ఇప్పుడు గుణవంతుడు ఎవరు, వీర్యవంతుడు ఎవరు, ధర్మం తెలిసినవాడు ఎవరు అని అడుగుతూ, వెంటనే కృతజ్ఞుడు ఎవరు అంటాడు. సత్యవాక్యం కూడా దాని తర్వాతే వస్తుంది. అయోధ్యకాండ మొదట్లో రాముడి గుణాలు చెప్తూ, ఎవరైనా ఎలాగో ఒక్క మేలు చేసినా దానితోనే సంతోషించేవాడనీ, వంద అపకారాలు చేసినా మనసులో పెట్టుకునేవాడు కాదనీ అంటాడు కవి. మన మెమరీ సెట్టింగ్స్ చాలావరకు దీనికి రివర్స్‌లో ఉంటాయి. ఎవరెవరు ఎప్పుడు ఏమన్నారో తారీఖుతో సహా గుర్తుంటుంది, ఎవరు ఏం పెట్టారో మాత్రం గుర్తుండదు.

ఇప్పుడు మైనాకుడు. హనుమంతుడు సముద్రం దాటుతున్నాడు. సముద్రుడికి ఒక ఆలోచన వచ్చింది. ఇక్ష్వాకు వంశంలోని సగరుడి వల్ల తాను పెరిగాడు, ఇప్పుడు ఆ వంశంవాడి పని మీద ఒకడు వెళ్తున్నాడు, అతనికి కాస్త విశ్రాంతి ఇవ్వాలి. అందుకని మైనాకుణ్ణి పైకి లేవమన్నాడు. మైనాకుడికీ ఒక ఋణం ఉంది. ఇంద్రుడు పర్వతాల రెక్కలు నరుకుతున్నప్పుడు వాయుదేవుడు తనని సముద్రంలోకి చేర్చి కాపాడాడు. ఆ వాయుదేవుడి కొడుకే ఇప్పుడు పైన ఎగురుతున్నాడు. మేలుకి బదులు మేలు చేయడం సనాతనమైన ధర్మం అనే మాట ఈ ఘట్టంలోనే వస్తుంది.

మేలు చేసింది ఒకరు, అందుకుంటున్నది ఇంకొకరు. మధ్యలో ఎంత కాలం గడిచిందో! సగరుడెక్కడ, రాముడెక్కడ? అయినా సముద్రుడి ఖాతా మూతపడలేదు. సమయం లేదని హనుమంతుడు ఆగకుండా చేత్తో తాకి వెళ్ళిపోయాడు. దానికి మైనాకుడు నొచ్చుకోలేదు. ఇచ్చిన ఆతిథ్యం తీసుకోకపోతే అలిగే రకం కాదు.

దీని పక్కన సుగ్రీవుణ్ణి పెట్టి చూడండి. వాలి పోయాడు, రాజ్యం వచ్చింది, వర్షాకాలం గడిచింది. సీతమ్మని వెతికించే పని కదల్లేదు. హనుమంతుడు గుర్తుచేస్తే సేనల్ని పిలిపించమని ఆజ్ఞ ఇచ్చి మళ్ళీ అంతఃపురంలోకి వెళ్ళిపోయాడు. టికెట్ ఇంకొకరికి అసైన్ చేసి లాగౌట్ అయినట్టు! సుగ్రీవుడు చెడ్డవాడు కాదు, రాముడికి ద్రోహం తలపెట్టలేదు. సుఖంలో పడ్డాడంతే. అయినా లక్ష్మణుడు వచ్చి అన్నమాట చాలా తీవ్రమైనది. ఎన్నో మహాపాపాలకి పెద్దలు ప్రాయశ్చిత్తం చెప్పారు గానీ కృతఘ్నుడికి లేదు అన్నాడు. అంత కఠినంగా ఎందుకన్నాడు? తప్పు చేశానని తెలిసినవాడే ప్రాయశ్చిత్తం చేసుకోగలడు. కృతఘ్నుడి జబ్బే తెలియకపోవడం.

కోఠి చుట్టుపక్కల మన పాత ఖాతాలు

ఇదంతా పురాణమే అనుకోకుండా మన వీధుల్లోకి వద్దాం. కోఠి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో అఫ్జల్‌గంజ్ దగ్గర ఉస్మానియా ఆసుపత్రి ఉంది. దాని ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చుట్టూ వేలమంది కొట్టుకుపోయారు. ఆ రోజున ఏటా కొందరు ఆ చెట్టు కింద చేరి ఆ వరదని తలుచుకుంటూ వచ్చారు. చెట్టుకి థాంక్స్ వినబడదు. అయినా వాళ్ళకి తెలుసు. కృతజ్ఞత అంటే అదే.

ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సలహాల వల్లే మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. మొదటిదాన్నే మనం గండిపేట అంటాం. ఈ ఊళ్ళో కొళాయి తిప్పి గ్లాసు నింపుకుంటున్నప్పుడు ఆ వరద, ఆ ఇంజినీరు, ఆ కట్ట కట్టిన కూలీలు ఎంతమందికి గుర్తొస్తారు?

సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901 సెప్టెంబర్ 1న మొదలైంది. అప్పుడు ఆ ప్రాంతాన్ని రెసిడెన్సీ బజార్ అనేవాళ్ళు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు లాంటి పెద్దలు దీన్ని నిలబెట్టారు. హైదరాబాద్ రాజ్యంలో తెలుగు చదువుకి ఆదరణ లేని రోజులవి. ఈ రోజు మీరు ఈ పోస్టుని తెలుగులో చదువుతున్నారంటే, ఆ చదువు నిలబడటంలో వాళ్ళ చెయ్యి కూడా ఉంది.

మనవాళ్ళు దీనికి ఋషిఋణం అని పేరు పెట్టారు. మనిషి పుడుతూనే మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెప్తుంది: ఋషిఋణం, దేవఋణం, పితృఋణం. శతపథ బ్రాహ్మణం నాలుగోది కూడా కలిపింది, తోటి మనుషుల ఋణం. వీటిని ఎలా తీర్చాలో చూడండి. ఋషులకి తిరిగి ఏదో ఇవ్వమనలేదు, చదువుకోమన్నారు. తోటి మనుషుల ఋణం వచ్చినవాళ్ళకి అన్నం, నీడ ఇచ్చి తీర్చమన్నారు. ఇచ్చినవాళ్ళ వైపు వెనక్కి చెల్లించడం తక్కువ, వచ్చేవాళ్ళకి ముందుకు అందించడం ఎక్కువ.

మన కోడింగ్ ప్రపంచంలో కూడా దీని నీడ ఉంది. ఎంఐటీ లైసెన్స్ ఉన్న కోడ్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అడిగేది దాదాపు ఒక్కటే. రాసినవాళ్ళ పేరున్న కాపీరైట్ నోటీసునీ, ఆ అనుమతి పాఠాన్నీ తీసేయకూడదు. డబ్బు వద్దు, థాంక్స్ కూడా వద్దు. ఎవరు చేశారో చెరిపేయకు, అంతే. కృతజ్ఞ అనే మాటకి నేను చూసిన మంచి వ్యాఖ్యానాల్లో ఇదొకటి.

ఇంట్లో మాట ఏమిటి మరి?

ఇప్పుడు అమ్మ జవాబు దగ్గరకి వద్దాం. "నేనేమన్నా పరాయిదాన్నా?" అన్నప్పుడు ఆవిడ కృతజ్ఞతని వద్దనట్లేదు. రసీదుని వద్దంటోంది. ఆటోవాలాకి ఇచ్చినట్టు నాకూ ఇచ్చి లెక్క మూసేయకు అంటోంది.

కానీ ఇక్కడే ఒక మోసం జరుగుతుంది. "మనవాళ్ళ మధ్య థాంక్స్ ఎందుకు?" అనే మాట పెట్టిన మనిషి అంటే పెద్దమనసు. అదే మాట తిన్న మనిషి అంటే తప్పించుకోవడం. మన ఇళ్ళలో ఈ రెండో రకం బాగా నడిచింది. వంట, అంట్లు, బట్టలు, అత్తమామల మందులు, పండగ పిండివంటలు ఒకరే చేస్తూ పోయారు. "అమ్మ కదా, చేస్తుంది", "కోడలు కదా, చేయాలి" అని మిగతావాళ్ళు తింటూ పోయారు. ఎవరూ థాంక్స్ చెప్పలేదు, అది సంస్కృతి అనుకున్నారు. నిజానికి ఎవరికీ తెలియను కూడా తెలియదు. జ్ఞ లేదు. జ్ఞ లేని చోట మౌనం సంస్కృతి కాదు, అది ఘ్న.

కాబట్టి థాంక్స్ చెప్పాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. మనకి తెలుసా, లేదా? చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. అమ్మ పొద్దున ఎన్నింటికి లేస్తుంది? అమ్మకి ఇష్టమైన కూర ఏది? ఆవిడ అది చివరిసారి ఎప్పుడు వండుకుంది? నాన్న మన కాలేజీ ఫీజు కోసం దేన్ని వాయిదా వేశాడు? మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పేరేంటి, ఆయన పిల్లలు ఎక్కడ చదువుతున్నారు? జవాబులు వస్తే మాట చెప్పినా చెప్పకపోయినా మీరు కృతజ్ఞులే. రాకపోతే రోజుకి వంద థాంక్స్‌లు చెప్పినా అది స్మార్ట్ రిప్లైనే.

ఋణం మెడకి ఉచ్చు కాకూడదు

దీనికి ఇంకో వైపు ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. కృతజ్ఞత మనిషిని ముంచేయగలదు కూడా. కర్ణుణ్ణి చూడండి. అందరూ కులం అడిగి అవమానించినచోట దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చాడు. కర్ణుడు జీవితమంతా అది మరవలేదు. శ్రీకృష్ణుడు వచ్చి జన్మరహస్యం చెప్పి రాజ్యమే ఇస్తానన్నా, ఇన్నేళ్ళు దుర్యోధనుడి నీడలో ఉండి ఇప్పుడు వదల్లేనన్నాడు. ఇది గొప్పే. కానీ అదే కర్ణుడు నిండు సభలో ద్రౌపది వస్త్రాలు లాగమన్నాడు. ఉద్యోగపర్వంలో కృష్ణుడితో మాట్లాడుతూ, దుర్యోధనుణ్ణి మెప్పించడానికి పాండవుల్ని అన్న కటువైన మాటలకి ఇప్పుడు బాధపడుతున్నానని తానే చెప్పుకున్నాడు.

తేడా ఎక్కడుంది? ఋణం మన జేబులోంచి తీర్చాలి. నీ ప్రాణం, నీ కష్టం, నీ సమయం ఇవ్వు. ఇంకొకరి మానం, ఇంకొకరి న్యాయం ఇచ్చి నీ ఋణం తీర్చుకోకూడదు. "నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆయనే, అందుకే ఈ తప్పుడు లెక్క మీద సంతకం పెట్టాను" అనేవాళ్ళు ఈ రోజుల్లోనూ ఉన్నారు. అది కృతజ్ఞత పేరుతో వేరేవాళ్ళ సొమ్ము ఖర్చుపెట్టడం. విభీషణుడూ అన్న ఉప్పు తిన్నవాడే. చివరిదాకా అన్నకి మేలైన మాటే చెప్పాడు, వినకపోతే వచ్చేశాడు. తెలిసి ఉండటం, తలొంచడం ఒకటి కాదు.

ఋణం ముంచే ఇంకో చోటు మన అశోక్‌నగర్. గ్రూప్స్ కోసం, టీచర్ పోస్టుల కోసం ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చి హాస్టల్ గదుల్లో ఉంటూ, పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ పట్టుకునే వాళ్ళని మనం చూస్తూనే ఉంటాం. చాలామంది వెనకాల ఒక పొలం కౌలు, ఒక అమ్మ కూలి డబ్బు, ఒక అన్నయ్య జీతం ఉంటాయి. నోటిఫికేషన్ వెనక్కి వెళ్ళినప్పుడల్లా ఆ బరువు పెరుగుతుంది. "ఉద్యోగం వచ్చాకే ఇంటికి వెళ్తా, ఏ ముఖం పెట్టుకుని ఫోన్ చేయను?" అని పండక్కి కూడా వెళ్ళనివాళ్ళున్నారు. వాళ్ళకి కృతజ్ఞత లేక కాదు. ఎక్కువై, తీర్చలేనన్న సిగ్గుగా మారిపోయింది.

వాళ్ళ కోసమే చివరగా ఒక ఘట్టం చెప్తాను. ఉత్తరకాండలో పట్టాభిషేకం అయ్యాక వచ్చినవాళ్ళంతా సెలవు తీసుకుంటారు. అందరికీ కానుకలు ఇచ్చిన రాముడు హనుమంతుడి దగ్గరకి వచ్చేసరికి వేరేగా మాట్లాడతాడు. నువ్వు చేసిన ఒక్కో ఉపకారానికి ఒక్కో ప్రాణం ఇవ్వాలి, మిగతావాటికి ఎప్పటికీ ఋణపడే ఉంటాను అంటాడు. ఆ తర్వాత అన్నదే అసలు మాట. నువ్వు చేసిన మేలు నాలోనే జీర్ణమైపోవాలని కోరుకుంటాడు. ఎందుకంటే ప్రత్యుపకారం అందుకోవాలంటే మనిషికి ఆపద రావాలి. నీ ఋణం తీర్చాలని కోరుకోవడం అంటే నీకు కష్టం రావాలని కోరుకోవడమే. అది నాకు వద్దు, నేను ఋణస్థుడిగానే ఉంటాను అన్నాడు శ్రీరాముడు.

సాక్షాత్తు రాముడే తీర్చకుండా ఉంచుకున్న ఋణం అది. కొన్ని ఋణాలు తీర్చడానికి కాదు, మోయడానికి. అలా మోయడంలో సిగ్గు లేదు. డబ్బు పంపిన నాన్న రసీదు అడగట్లేదు, ఫోన్ ఎత్తితే చాలనుకుంటున్నాడు. ఉద్యోగం వచ్చేదాకా ఆగాల్సింది తీర్చడానికే, తెలుసుకోవడానికి ఆగక్కర్లేదు. అది ఈ రాత్రే చేయొచ్చు.

కాబట్టి థాంక్స్ మానేయమని నేను చెప్పట్లేదు. ఆటో దిగినప్పుడు చెప్పండి, లిఫ్ట్ దగ్గర చెప్పండి. ఆ మాటకి వెయ్యేళ్ళ కిందట ఉన్న ఆలోచనని ఒక్క క్షణం దానికి తిరిగివ్వండి. ఏం చేసినందుకో కూడా కలిపి చెప్పండి. "థాంక్స్" అనడం కన్నా "ఎండలో మూడో అంతస్తు ఎక్కి తెచ్చావన్నా, థాంక్స్" అంటే అందులో జ్ఞ చేరుతుంది. ఇంట్లో అయితే మాట కూడా అక్కర్లేదు. ఈ ఆదివారం అమ్మకి ఇష్టమైన కూరేదో కనుక్కుని మీరు వండిపెట్టండి. ఉప్పు ఎక్కువైనా పర్లేదు, ఆవిడ తింటుంది. "కొత్తగా ఏంట్రా ఇది?" అని అడిగితే నవ్వి ఊరుకోండి, ఆవిడకి అర్థమవుతుంది.

వచ్చే వీడియోలో సుగ్రీవుడి దగ్గరకి వెళ్తూ లక్ష్మణుడి కోపాన్ని తార ఎలా చల్లార్చిందో చూద్దాం. అప్పటిదాకా ఉంటాను.

జై శ్రీరామ్. జై హనుమాన్.